డయాలసిస్ సరే, కాళ్ల సంగతేంది?

పోయిన నెల మా సంఘం సభ్యుడొకాయనకు తోడుగా మేము రాయదుర్గం వెళ్లాం. నాగోలులో మెట్రో ఎక్కితే అదే ఆఖరి స్టేషన్. ఆయన వయసు యాభై నాలుగు. ఇబ్రహీంపట్నం వైపు మూడెకరాలు కౌలుకు చేసేవారు. రెండేళ్లుగా వారానికి మూడు సార్లు డయాలసిస్ చేయించుకుంటున్నారు. స్టేషన్ మెట్లు దిగి ఆస్పత్రి వైపు నడుస్తుంటే అరవై అడుగులకు ఒకసారి ఆగిపోయారు. ఆగినప్పుడల్లా తలెత్తి అద్దాల బిల్డింగులు చూస్తూ నిలబడ్డారు. ఊరి మనిషి వింతగా చూస్తున్నాడని పక్కన పోయేవాళ్లు అనుకుని ఉంటారు. మేమూ మొదట అట్లాగే అనుకున్నాం. "ఏందన్నా, బిల్డింగులు లెక్కపెడ్తున్నవా?" అని నవ్వాం కూడా. ఆయన నవ్వలేదు. "పిక్క పట్టేసింది తమ్మీ, జర ఆగితే పోతది" అన్నారు.

ఆస్పత్రిలో డాక్టరు ఆయన చెప్పులు విప్పించారు. ఎడమ కాలి చిటికెన వేలు, దాని పక్క వేలు నల్లబడి ఉన్నాయి. పాదం మీద వేళ్లు పెట్టి చూస్తే నాడి దొరకలేదు. "ఆరు నెలల ముందు రావాల్సింది" అన్నారు డాక్టరు. ఆ ఆరు నెలల్లో ఆయన దాదాపు ఎనభై సార్లు డయాలసిస్ బెడ్ మీద పడుకున్నారు. ప్రతిసారీ నాలుగు గంటలు. బరువు చూశారు, బీపీ చూశారు, సూదులు గుచ్చారు. కాళ్ల మీది దుప్పటి మాత్రం ఒక్కసారి కూడా ఎవరూ తీసి చూడలేదు. అక్కడి సిస్టర్లను మేము తప్పు పట్టడం లేదు. కాళ్లు చూడాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, చూసింది రాయడానికి రిజిస్టరులో గడి కూడా లేదు.

ఈ నెల సంపాదకీయం మద్దతు ధర మీద రాయాలనుకున్నాం. ఆయన కాలు చూశాక దీని మీద రాస్తున్నాం. ఇది వైద్యుల పత్రిక కాదు, మేమూ డాక్టర్లం కాదు. కానీ రైతుకూ కూలీకీ కాళ్లే పెట్టుబడి. మడిలో దిగాలన్నా, మోటారు దగ్గరికి పోవాలన్నా, మార్కెట్ యార్డులో రాత్రంతా కుప్ప దగ్గర కావలి ఉండాలన్నా కాళ్లు ఉండాలి. అందుకే ఇది రైతు సంఘం మాట్లాడవలసిన విషయమే.

కిడ్నీ పాడైతే కాళ్లకు ఏమవుతుందని చాలామంది అడుగుతారు. డ్రిప్ వేసుకున్న రైతుకు ఇది చెప్పడం తేలిక. మన వైపు బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. రెండు మూడేళ్లకు డ్రిప్ పైపుల్లో తెల్లగా పేరుకుంటుంది. ముందుగా ఎండేది ఏ మొక్క? గేట్ వాల్వు దగ్గరది కాదు, లైను చివరి మొక్క. కాలువ కింద అయితే చివరి ఆయకట్టు. ఒంట్లో చివరి ఆయకట్టు పాదాలు, కాలి వేళ్లు. గుండె నుంచి బయలుదేరిన రక్తం అన్నిటికన్నా దూరం పోవాల్సింది అక్కడికే.

కిడ్నీలు పనిచేయకపోతే ఒంట్లో భాస్వరం పేరుకుంటుంది, కాల్షియం లెక్క తప్పుతుంది. అది రక్తనాళాల గోడల్లో సున్నంలా గట్టిపడుతుంది. దానికి షుగరు, బీపీ, బీడీ, చుట్ట తోడైతే లోపల కొవ్వు కూడా పేరుకుని దారి ఇరుకవుతుంది. డ్రిప్ పైపులో అయితే యాసిడ్ పంపి కడుగుతాం. రక్తనాళంలో అట్లా కడిగే మందు లేదు. ముందుగా కనిపెట్టడం, ఉన్నదాన్ని ముదరనివ్వకపోవడం, అవసరమైతే బెలూన్ వేసి దారి తెరవడం లేదా ఆపరేషన్ చేసి పక్క దారి కలపడం. ఉన్న మార్గాలు ఇవే. డయాలసిస్ మెషీన్ రక్తంలోని మలినాన్ని తీస్తుంది, నాళాల్లో గట్టిపడిన సున్నాన్ని తీయలేదు.

పిక్క పట్టి ఆగిపోయే ఈ జబ్బుకు విదేశాల్లో ఒక పేరుంది, 'షాపుల అద్దాలు చూసే రోగం' అంటారట. నొప్పికి ఆగిన మనిషి సిగ్గుపడి, ఏదో షాపు చూస్తున్నట్టు నిలబడతాడని ఆ పేరు. మా సభ్యుడు రాయదుర్గంలో చేసింది సరిగ్గా అదే.

గుర్తులు ఇవి. నడిస్తే పిక్కలోనో తొడలోనో నొప్పి వచ్చి, ఆగితే తగ్గడం. రెండు పాదాల్లో ఒకటి చల్లగా ఉండడం. పాదం మీద వెంట్రుకలు రాలి చర్మం నున్నగా మెరవడం. ముల్లు గుచ్చుకున్న చోట వారాలైనా మానకపోవడం. ముదిరితే పడుకున్నప్పుడు కూడా నొప్పి ఉంటుంది. రాత్రి కాలు మంచం కిందికి వేలాడేస్తే కాస్త నెమ్మదిస్తుంది. ఆ దశ వచ్చాక ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు. అయితే డయాలసిస్ జరిగేటప్పుడు పిక్కలు పట్టేయడం మామూలే, ఎక్కువ నీరు తీసినప్పుడు అట్లా అవుతుంది. ప్రతి నొప్పీ నాళాలదే అని భయపడనక్కర లేదు. కానీ తేడా తేల్చాల్సింది డాక్టరు. ఆ మాట ఆయనకు చెప్పాల్సింది మనం.

ఇంకో చిక్కు ఉంది. షుగరు ఉన్నవాళ్లకు, కిడ్నీ పోయినవాళ్లకు నరాలు కూడా మొద్దుబారుతాయి. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, చెప్పు కరిచినా తెలియదు. మడిలో చెప్పులు లేకుండా తిరగడం మనకు పుట్టుకతో అలవాటు. మా సభ్యుడి కాలికి మొదట అయింది చిన్న తుమ్మముల్లు గాయమే. బ్లేడుతో తీసుకుని పసుపు అద్దారు. ఆయన నడక తగ్గించుకున్నారు కాబట్టి పిక్క నొప్పి చాలాకాలం బయటపడలేదు. ఇంట్లో వాళ్లు "డయాలసిస్ మనిషి, నీరసం ఉంటది కదా" అనుకున్నారు. ఈ జబ్బు ఇట్లాగే దాక్కుంటుంది. మనిషి నడవడం మానేస్తే నొప్పి రాదు, నొప్పి రాకపోతే ఎవరూ అడగరు.

పరీక్ష పెద్ద ఖర్చుతో కూడినది కాదు. పాదం మీద, చీలమండ వెనుక నాడి పట్టి చూడడానికి పైసా అక్కర లేదు. చీలమండ దగ్గర బీపీ చూసి చేతి బీపీతో పోలుస్తారు. ఆ లెక్క 0.9 లేదా అంతకన్నా తక్కువ వస్తే నాళం మూసుకుంటోందని అర్థం. ఇక్కడే డయాలసిస్ రోగుల విషయంలో మోసం జరిగే వీలుంది. నాళం సున్నంతో గట్టిపడి పట్టీకి నొక్కుకోదు కాబట్టి లెక్క మామూలుగానో ఎక్కువగానో చూపిస్తుంది. 1.4 దాటితే నాళం బాగున్నట్టు కాదు, గట్టిపడినట్టు. అప్పుడు కాలి బొటనవేలి దగ్గర ఒత్తిడి చూడాలి, డాప్లర్ స్కానింగ్ చేయించాలి. "బీపీ చూశారు, కాళ్లకు ఏం లేదన్నారు" అని మన వాళ్లు తృప్తిపడి ఇంటికి వస్తే సరిపోదని చెప్పడానికే ఇంత వివరంగా రాస్తున్నాం.

ఇప్పుడు ఆ రాయదుర్గం గురించి ఒక మాట. పాత రెవెన్యూ రికార్డుల్లో ఆ ఊరు రాయదుర్గం పాయిగా, రాయదుర్గం నౌఖల్సా, రాయదుర్గం పన్‌మక్తా. గుట్టలు, బండలు, మేత భూములు, చెరువులు. పక్కనున్న దుర్గం చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీరు ఇచ్చింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఆ చుట్టుపక్కల పొలం అన్న మాట క్రమంగా వినపడకుండా పోయింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ప్రభుత్వ సంస్థ భూమి వేలం వేస్తే ఎకరం 177 కోట్లు పలికింది. వేలం వేసింది 7.67 ఎకరాలు.

ఆస్పత్రి గేటు దగ్గర మా సభ్యుడికి తన కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టిన వాచ్‌మన్ కూడా ఒకప్పటి రైతే. పాలమూరు నుంచి వచ్చారు. పన్నెండు గంటల డ్యూటీ, చాలావరకు నిలబడే. ఆయనకూ షుగరుంది. "నా కాళ్లు కూడా తిమ్మిర్లు పడుతున్నయ్ అన్నా, చూపించుకోవాల్నా?" అని మమ్మల్ని అడిగారు. పది అడుగుల దూరంలో పెద్ద పెద్ద డాక్టర్లు ఉన్నారు. ఆయన అడిగింది మమ్మల్ని. ఊళ్లో ఉన్న రైతుకు ఆస్పత్రి దూరం కిలోమీటర్లలో ఉంటే, గేటు దగ్గరున్న మాజీ రైతుకు దూరం ఫీజులో ఉంది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని మేము అనం. 2016లో కేంద్రం జాతీయ డయాలసిస్ కార్యక్రమం ప్రకటించింది. ఆరోగ్యశ్రీలో డయాలసిస్ ఉచితం. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెరిగింది. జిల్లా కేంద్రాలకు, కొన్ని పట్టణాలకు మెషీన్లు వచ్చాయి. ఇవన్నీ లేని రోజుల్లో కిడ్నీ పోయిందంటే పొలం అమ్మడమే. కానీ లెక్క ఎక్కడ ఆగిపోతోందో చూడండి. ఎన్ని సెంటర్లు, ఎన్ని మెషీన్లు, ఎన్ని సార్లు డయాలసిస్ చేశారు అన్నది లెక్క. మెషీన్ దిగిన మనిషి బస్టాండు దాకా నడవగలిగాడా, రాత్రి నిద్ర పట్టిందా, తన పని తాను చేసుకుంటున్నాడా అన్నది ఏ కాగితం మీదా లేదు. ప్రాణం నిలబడింది, మనిషి నిలబడలేకపోతున్నాడు.

పింఛను లెక్క చూస్తే ఇది ఇంకా స్పష్టంగా కనపడుతుంది. తెలంగాణలో డయాలసిస్ రోగులను ఆసరా పింఛనులోకి 2022లో తెచ్చారు, నెలకు 2,016 రూపాయలు. 2023లో వికలాంగుల పింఛను 4,016 చేశారు. రైతు చనిపోతే 2018 నుంచి రైతు బీమా కింద ఇంటివాళ్లకు 5 లక్షలు. మూడూ మంచి పథకాలే, మూడింటి కోసమూ రైతులు, కూలీలు గొంతెత్తారు. కానీ ఒక దగ్గర పెట్టి చదవండి. కాళ్లతో ఉన్న డయాలసిస్ మనిషికి 2,016. అదే మనిషి కాలు తీసేస్తే, సర్టిఫికెట్ తెచ్చుకుంటే 4,016. చనిపోతే 5 లక్షలు, అదీ పట్టా ఉంటేనే. మా సభ్యుడు కౌలు రైతు, ఆయనకు ఆ చివరిది కూడా లేదు. కాలు పోకుండా కాపాడుకోవడానికి మాత్రం ఈ వరసలో ఎక్కడా ఒక్క రూపాయి లేదు.

కాలు తీసేస్తే ఏమవుతుంది? జైపూర్ కాలు ఉంది కదా అంటారు. ఉంది, మన దేశం గర్వపడాల్సిన పని అది. రైతు గొంతుక్కూర్చోవాలి, చెప్పులు లేకుండా బురదలో నడవాలి అని ఆలోచించి 1968లో జైపూర్‌లో తయారు చేసిన కాలు. కానీ డయాలసిస్ మనిషికి కోసిన గాయం మానడమే కష్టం. ఒంట్లో నీరు ఎక్కుతూ దిగుతూ ఉంటే మొండెం కొలత మారుతూ ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, పెద్ద కాలు తీసేసిన డయాలసిస్ రోగుల్లో చాలామంది ఎక్కువ కాలం బతకడం లేదు. పుట్టుకతో వచ్చిన కాలును మించింది లేదు.

అడిగితే వస్తుందా అని అడిగేవాళ్లకు ఉద్దానం వైపు చూడమంటాం. శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి, జీడి రైతులూ కూలీలూ ఏళ్ల తరబడి కిడ్నీలు పోగొట్టుకున్నారు. చాలామందికి షుగరు లేదు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. కానీ వాళ్లు ఊరుకోలేదు. ఊళ్ల లెక్కలు తీశారు, అడిగారు, పోరాడారు. హిరమండలం రిజర్వాయర్ నుంచి సుమారు 700 కోట్లతో తాగునీటి పథకం, పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చాయి. 2023 డిసెంబరు 14న వాటిని ప్రారంభించారు. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగికి నెలకు 10,000 పింఛను ఉంది. తెలంగాణలో 2,016. జబ్బు ఒకటే, బస్సు చార్జీ ఒకటే, మందుల ధర ఒకటే. 2023 ఎన్నికల్లో చేయూత కింద డయాలసిస్ రోగులకు 4,000 ఇస్తామని ఇచ్చిన హామీని మనం గట్టిగా గుర్తు చేయాలి.

అందుకే మా సంఘం ఈ డిమాండ్లు పెడుతోంది.

1. ప్రతి డయాలసిస్ సెంటర్లో నెలకు ఒకసారి ప్రతి రోగి చెప్పులు, సాక్సులు విప్పించి పాదాలు చూడాలి. నాడి దొరికిందా, పుండు ఉందా అన్నది రిజిస్టరులో రాయాలి. నాలుగు గంటలు మనిషి పడుకునే ఉంటాడు, దీనికి ఐదు నిమిషాలు చాలు.

2. రోజూ బెడ్ మీద మడమలు ఒరుసుకోకుండా మెత్త పెట్టాలి. మడమ పుండ్లు అక్కడే మొదలవుతాయి.

3. జిల్లా ఆస్పత్రుల్లో డాప్లర్, బొటనవేలి ఒత్తిడి పరీక్ష ఉచితంగా చేయాలి. నిమ్స్‌లో రక్తనాళాల శస్త్రచికిత్స విభాగం ఉంది. జిల్లాల నుంచి పంపినవాళ్లను వారాల తరబడి తిప్పకుండా నేరుగా చూసే ఏర్పాటు కావాలి.

4. కాళ్ల నాళాల పరీక్ష మొదలు బెలూన్, బైపాస్ వరకు, పుండు కట్లతో సహా ఆరోగ్యశ్రీలో స్పష్టంగా ఉండాలి.

5. డయాలసిస్ పింఛను వికలాంగుల పింఛనుకు తగ్గకూడదు. కౌలు రైతుకూ, వ్యవసాయ కూలీకీ బీమా ఉండాలి.

6. వారానికి మూడు రాకపోకలు. ఆడవాళ్లకు మహాలక్ష్మి బస్సు ఉంది. డయాలసిస్‌కు పోయే ప్రతి ఒక్కరికీ, తోడు వచ్చే ఒక మనిషికీ ప్రయాణం ఉచితం కావాలి.

డిమాండ్లు నెరవేరేదాకా చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. మన చేతిలో ఉన్నవి మనం చేయాలి. రోజూ పడుకునే ముందు రెండు పాదాలూ, వేళ్ల సందులూ చూసుకోండి. కళ్లు కనపడకపోతే మనుమడినో మనుమరాలినో చూడమనండి. పొలంలో చెప్పులు లేకుండా దిగొద్దు, బూట్లు వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి చూడండి. కాళ్లు చల్లగా ఉన్నాయని నిప్పుల దగ్గర పెట్టొద్దు, వేడి నీళ్లలో ముంచొద్దు. మొద్దుబారిన కాలు కాలినా తెలియదు. ఆనెలు, గోళ్లు బ్లేడుతో కోసుకోవద్దు. పుండుకు ఆకు పసరు, సున్నం కట్టొద్దు.

బీడీ, చుట్ట మానాలి. ఇందులో బేరం లేదు. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు వేసే అడ్డపొగకు కూడా ఇదే మాట. ఉప్పు, నీళ్లు డాక్టరు చెప్పిన లెక్కలో ఉంటే రెండు డయాలసిస్‌ల మధ్య బరువు పెరగదు. బరువు పెరగకపోతే మెషీన్ మీద బీపీ ఒక్కసారిగా పడిపోదు. బీపీ పడినప్పుడల్లా చివరి ఆయకట్టుకే ముందు నీళ్లు ఆగుతాయి. భాస్వరం తగ్గించే గోలీ అన్నంతో పాటే వేసుకోవాలి, తర్వాత గుర్తొచ్చినప్పుడు వేసుకుంటే పనిచేయదు. నొప్పి తట్టుకోలేక ఊళ్లో సూదులు, నొప్పి గోలీలు సొంతంగా వాడొద్దు. కిడ్నీ ఇంకా కొంత పనిచేస్తున్న మనిషికి ఆ కొంత కూడా పోతుంది. పుండు లేనివాళ్లు డాక్టరును అడిగి రోజూ నడవండి. నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడిస్తే నడక దూరం మెల్లగా పెరుగుతుంది. ఫిస్టులా ఉన్న చేతి వేళ్లు చల్లబడినా నల్లబడినా వెంటనే చెప్పండి, చేతుల్లోనూ అవే నాళాలు.

రైతు సోదరులారా, అక్కలారా, చెల్లెలారా! వచ్చే నెల నుంచి మన మండల కమిటీ సమావేశాల్లో చివరి అరగంట కాళ్లకు ఇస్తున్నాం. డయాలసిస్ వాళ్లు, షుగరు వాళ్లు అందరూ చెప్పులు విప్పి కూర్చుంటారు. ఆశా అక్కలను, తెలిసిన నర్సులను పిలుస్తున్నాం. పుండు కనపడినా, నాడి దొరకకపోయినా ఆ వారమే ఎవరు తోడు పోవాలో సమావేశంలోనే రాసుకుంటాం. ఏ సెంటర్లో కాళ్లు చూస్తున్నారో, ఏ సెంటర్లో చూడడం లేదో మనమే రాసి కలెక్టరు గారికి ఇస్తాం. ఉద్దానం వాళ్లు చేసింది ఇదే, ముందు లెక్క తీశారు.

మా సభ్యుడి సంగతి అడుగుతారు. నాళం తెరిచారు. రెండు వేళ్లు పోయాయి, పాదం మిగిలింది. మొన్నటి సమావేశానికి చేతికర్రతో నడిచి వచ్చారు. మెట్ల దగ్గర ఒకసారి ఆగారు. ఈసారి ఎవరూ నవ్వలేదు, ఒక పిల్లవాడు కుర్చీ తెచ్చి వేశాడు. ఆయన కూర్చుని, అందరికన్నా ముందు తానే చెప్పు విప్పి కాలు ముందుకు చాపి "చూడండ్రి, మీది గూడ చూపించుకోండ్రి" అన్నారు.